దేవుడు క్షమించాడు సరే, చెల్లెలి వాటా మాటేమిటి?

ప్రశ్న: వందనాలండి. మాది ఒంగోలు దగ్గర పల్లె. తాతల కాలం నుంచి బాప్టిస్టు కుటుంబం. నాన్న వీలునామా రాయకుండానే పోయారు, అమ్మ అంతకు ముందే పోయింది. మిగిలింది నేనూ, చెల్లెలూ. 9 ఏళ్ల కిందట రోడ్డు పక్కనున్న మా స్థలానికి 14 లక్షల బేరం వచ్చింది. అప్పుడు నేను అప్పుల్లో ఉన్నాను. "పాస్‌బుక్‌లో నాన్న పేరు మార్పించాలి, సంతకం పెట్టాలమ్మా" అని చెల్లెల్ని రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి, తన హక్కు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. అన్నయ్య చెప్పాడు కదా అని అది చదవను కూడా లేదు. పైసా ఇవ్వలేదు. పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు అది నెల్లూరులో బట్టలు కుడుతోంది, వాళ్లాయన ఆటో నడుపుతాడు. నా ఎరువుల కొట్టు మాత్రం బాగానే నడుస్తోంది.

మూడేళ్ల కిందట రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్నాను. ఈ సంగతి మా పాస్టర్ గారికి ఒక్కరికే చెప్పాను. "యేసు రక్తం కడిగేసింది. దేవుడు మరిచిపోయినదాన్ని నువ్వు తవ్వుకోకు, అది సాతాను పెట్టే నింద" అన్నారు. దశమభాగం తప్పకుండా ఇస్తున్నాను. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు నలభై రోజులూ ఉపవాసం ఉంటున్నాను. లక్షన్నర పెట్టి మందిరానికి మైక్ సెట్ కొనిచ్చాను. అయినా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభు బల్ల దగ్గరకు వెళ్లాలంటే టెన్షన్. రాత్రి నిద్ర పట్టదు. బైబిల్లో ప్రాయశ్చిత్తం అంటే అసలు ఏమిటి? యేసు చేసేశాక నేను చేయాల్సింది ఇంకా ఉందా? ఇప్పుడు చెబితే చెల్లెలి మనసు విరిగిపోదా? అంతదాకా నేను బల్ల తీసుకోవచ్చా? (పేరు రాయవద్దు.)

జవాబు: మీ పాస్టర్ గారు చెప్పినదాంట్లో సగం నిజం. ఆ సగం చాలా పెద్ద నిజం, కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. మీకు నిద్ర పట్టనివ్వనిది రెండో సగం.

బైబిల్లో ప్రాయశ్చిత్తం గురించి ఒక్క అధ్యాయమే చదవాలంటే లేవీయకాండం 16 చదవండి. యూదుల ఏడవ నెల పదో రోజున, అంటే ప్రాయశ్చిత్త దినాన, ఏడాదికి ఒక్కసారి జరిగే పని అది. యూదులు ఈనాటికీ ఆ రోజు ఉపవాసం ఉంటారు. ప్రధాన యాజకుడు అహరోను కొడుకులిద్దరు దేవుని సన్నిధికి వెళ్లి చనిపోయాక ఈ ఏర్పాటు వచ్చిందని అధ్యాయం మొదటి మాటలోనే ఉంది. ఆ తండ్రి ఎంత జంకుతూ దేవుడి గుడారం లోపలికి అడుగు పెట్టి ఉంటాడో మనం ఊహించుకోవచ్చు. మామూలు రోజుల్లో ఆయన బట్టలు వేరు: బంగారు దారంతో నేసిన ఏఫోదు అనే పైవస్త్రం, పన్నెండు రాళ్లు పొదిగిన పతకం, అంగీ అంచున బంగారు గంటలు. ఆ రోజు లోపలికి వెళ్లేటప్పుడు అవేవీ ఉండవు. నారచొక్కా, నారలాగు, నారదట్టి, నారపాగా, అంతే. ముందు తన కోసం, తన ఇంటివాళ్ల కోసం ఒక కోడెను బలి ఇస్తాడు. యాజకుడి పాపం లెక్క తేలాకే జనం పాపం దగ్గరకు రావడం. (ఈ వరుస మీద ప్రసంగాలు మనకు ఎక్కువగా వినబడవు.) ధూపం పొగ లోపలంతా కమ్ముకున్నాక, మందసం అనే పవిత్రమైన పెట్టె మీదున్న మూత, అంటే కరుణాపీఠం మీద వేలితో రక్తం చిలకరిస్తాడు. జనం కోసం రెండు మేకల మీద ముందే చీట్లు వేసి ఉంచుతారు. ఒకటి బలి అవుతుంది. రెండోదాని తల మీద అహరోను రెండు చేతులూ ఉంచి, జనం చేసిన తప్పులన్నీ నోరు తెరిచి ఒప్పుకుంటాడు. ఆ మేకను ఒక మనిషి అడవిలోకి తోలుకుపోయి వదిలేసి వస్తాడు.

ఇంత తంతులో జనం చేసేది ఏముంది? పని మానుకుని, ఉపవాసం ఉండి, ఊరికే ఉండటమే. తర్వాతి అధ్యాయం 11వ వచనం చూడండి. ప్రాయశ్చిత్తం కోసం రక్తాన్ని నేనే మీకిచ్చాను అంటాడు దేవుడు. బలి అంటే మనిషి దేవుడికి ఇచ్చేదని మనకు అలవాటైన లెక్క. తప్పు చేసినవాడు ఒక మొక్కు మొక్కుకుని, కడుపు మాడ్చుకుని, అన్నదానం చేసి, పైవాడి కోపం చల్లారుస్తాడు. మోషే ధర్మశాస్త్రంలో దారి వేసేవాడు దేవుడే, దానికి కావలసినది ఇచ్చేవాడూ దేవుడే. కొత్త నిబంధనలో పౌలు కూడా అదే పద్ధతిలో మాట్లాడతాడు: క్రీస్తులో దేవుడే లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు అంటాడు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో. కోపంతో ఊగిపోతున్న తండ్రిని కొడుకు బతిమాలి శాంతింపజేసినట్టు కొందరు చెబుతుంటారు గానీ, ఆ బొమ్మ ఈ వచనంలో ఇమడదు.

ఇంకొకటి గమనించండి. ఆ రోజు రక్తం చిలకరించేది తప్పు చేసిన మనుషుల మీద కాదు, దేవుడి గుడారంలో, బలిపీఠం మీద. ఇశ్రాయేలీయుల అపవిత్రత వల్ల పరిశుద్ధ స్థలానికి కూడా ప్రాయశ్చిత్తం చేయాలని 16వ వచనం. కట్టెల పొయ్యి మీద ఎంత జాగ్రత్తగా వండినా వంటింటి గోడకు మసి పడుతుంది, వండినవాళ్లు చేయి కడుక్కున్నంత మాత్రాన గోడ తెల్లబడదు. జనం చేసిన తప్పు అలా దేవుడి ఇంటికే అంటుకుంటుందని ఆ అధ్యాయం చెప్పేది. ఎవరికీ తెలియని తప్పు కూడా ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. దాన్ని కడిగే పని దేవుడు తన చేతిలోకి తీసుకున్నాడు.

మరి మీ నలభై రోజుల ఉపవాసం? ప్రార్థనకు పనికొస్తుంది, మనిషి నిదానించడానికి పనికొస్తుంది. పాపానికి వెల చెల్లించే పని మాత్రం దానితో జరగదు. దశమభాగం అంతే, మైక్ సెట్టూ అంతే. నిర్గమకాండం 30లో జనాభా లెక్క రాసేటప్పుడు ఒక్కొక్కరు తమ ప్రాణానికి ప్రాయశ్చిత్తంగా అర తులం వెండి ఇవ్వాలని ఉంది. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. లక్షన్నర పెట్టగలిగినవాడికి అక్కడ వేరే వరుస లేదు. ఇటు చివర లేవీయకాండం 5లో, గొర్రె తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు, అవీ లేకపోతే కొంచెం గోధుమపిండి తెస్తే చాలు, దాని మీద నూనె కూడా పోయకూడదు. పిండితో కూడా క్షమాపణ ఉంది. రక్తం చిందకుండా క్షమాపణ లేదని హెబ్రీ పత్రిక వచనాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం. ఆ వచనంలోనే "సామాన్యముగా" అన్న మాట ఉంది, అది రాసినాయన ఈ పిండి సంగతి మరిచిపోలేదు.

అదే హెబ్రీ పత్రిక ఎడ్ల రక్తం, మేకల రక్తం పాపాన్ని తీసివేయలేవని, క్రీస్తు ఒక్కసారే తన్నుతాను అర్పించుకున్నాడని, ఆ పని ఇక మళ్లీ చేయనక్కర్లేదని చెబుతుంది. అది ఎలా పని చేసిందన్నది క్రైస్తవులు రెండు వేల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. మరణం మీద, సాతాను మీద గెలుపు అన్నారు తొలి శతాబ్దాలవాళ్లు. దేవుడికి చెల్లాల్సిన గౌరవం బాకీ పడితే అది చెల్లింది అన్నాడు 11వ శతాబ్దం చివర అన్సెల్ము అనే వేదాంతి. మనకు రావలసిన శిక్ష ఆయన మీద పడిందని 16వ శతాబ్దపు సంస్కర్తలు గట్టిగా చెప్పారు. మన సంఘాల్లో ఎక్కువగా వినబడేది ఈ చివరిదే. 325లో మొదలై 381లో పూర్తయిన నీకయ విశ్వాస ప్రమాణం మాత్రం "మన కొరకు, మన రక్షణ కొరకు" అని ఊరుకుంది. నాకు ఆ ఊరుకోవడమే నచ్చుతుంది. మీ ప్రశ్నకు ఈ వాదన తేలనక్కర్లేదు.

ఇంతవరకు మీ పాస్టర్ గారి సగం. దేవుడి దగ్గర మీరు కొత్తగా కట్టాల్సిన బిల్లు ఏదీ లేదు.

ఇప్పుడు అదే లేవీయకాండంలో ఆరో అధ్యాయం తీయండి. మొదటి ఏడు వచనాలు చాలు. ఒకడు తన దగ్గర దాచిపెట్టమని ఇచ్చినదాన్ని కాజేశాడు, లేదా బలవంతంగా లాక్కున్నాడు, లేదా పోయిన వస్తువు దొరికితే దొరకలేదని బొంకాడు, అబద్ధ ప్రమాణం చేశాడు. ఇవన్నీ తెలిసి చేసినవే, పొరపాటున జరిగినవి కావు. ఇది యెహోవాకు విరోధంగా చేసిన ద్రోహం అని అక్కడే రాసి ఉంది. అంటే పొరుగువాడికి చేసిన మోసం దేవుడి పద్దులో కూడా పడింది. అయినా దాన్ని తీర్చుకునే దారి దేవుడి దగ్గర మొదలవదు. కాజేసింది కాజేసినట్టు తిరిగి ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి, అది ఎవరిదో వాళ్ల చేతికే ఇవ్వాలి. అపరాధ పరిహారార్థబలి తెచ్చే రోజునే ఇవ్వాలి. ఆ తర్వాత పొట్టేలు, ఆ తర్వాత యాజకుడు, ఆ తర్వాత క్షమాపణ. పొట్టేలు ఎంత బలిసినదైనా ఆ మొదటి పనికి బదులు కాదు.

సంఖ్యాకాండం 5లో ఇదే చట్టం మళ్లీ వస్తుంది, రెండు సంగతులు అదనంగా వస్తాయి. చేసినదాన్ని ఒప్పుకోవాలి అన్నది ఒకటి. రెండోది మీ మైక్ సెట్‌కు సంబంధించినది. నష్టపోయినవాడు చనిపోయి, పుచ్చుకోవడానికి దగ్గరి బంధువు కూడా లేకపోతే, అప్పుడు ఆ సొమ్ము యాజకుడికి చెందుతుంది. అప్పుడు మాత్రమే. మీ చెల్లెలు నెల్లూరులో నిక్షేపంగా ఉంది, కుట్టు మిషను తొక్కుకుంటూ. మందిరంలో ఆదివారం మోగుతున్నది ఆమె వాటాలో కొంత. కఠినంగా అన్నానని అనుకోకండి, ఈ మాట మీకు ఎవరో ఒకరు చెప్పాలి.

యూదుల పెద్దలు ఈ సంగతిని చాలా తేటగా పట్టుకున్నారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే గ్రంథంలో ప్రాయశ్చిత్త దినం గురించి ఒక తీర్పు ఉంది. మనిషికీ దేవుడికీ మధ్యనున్న తప్పులకు ఆ రోజు ప్రాయశ్చిత్తం చేస్తుంది. మనిషికీ మనిషికీ మధ్యనున్న తప్పులకు, ఆ మనిషిని సమాధానపరిచేదాకా అది పనిచేయదు. ఈనాటికీ ఆ పండగకు ముందు రోజుల్లో వాళ్లు తమవల్ల నొచ్చుకున్నవాళ్ల దగ్గరకు వెళ్లి క్షమించమని అడుగుతారు.

అది పాత నిబంధన, మనం కృప కింద ఉన్నాం అని ఎవరైనా అంటారు. అయితే యేసు మాట చూద్దాం. మత్తయి 5లో ఒకడు బలిపీఠం దగ్గర అర్పణ ఇస్తూ ఉంటాడు. తన మీద సహోదరుడికి విరోధం ఏదో ఉందని అక్కడ జ్ఞాపకం వస్తుంది. అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అంటాడు. ఆయన మాట్లాడుతున్నది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. గలిలయవాడికి అది ఒక వైపే మూడు రోజుల నడక. యాజకుడి ముందు గొర్రెను కట్టేసి, ఊరికి నడిచి వెళ్లి, మళ్లీ నడిచి రావాలి. విన్నవాళ్లు ఎలా ముఖాలు చూసుకుని ఉంటారో!

ఆ జ్ఞాపకం వచ్చిన చోటు కూడా చూడండి. సంతలో రాలేదు, పొలంలో రాలేదు, బలిపీఠం దగ్గర వచ్చింది. మీకూ టెన్షన్ వస్తున్నది బల్ల దగ్గరే. దాన్ని సాతాను నింద అని తోసేయడానికి నాకు ధైర్యం చాలదు. చేయని తప్పును చేశావనడం, దేవుడు నిన్ను చేర్చుకోడు అనడం, దారి లేదనడం నింద. మీకు వినబడుతున్నది అలాంటిది కాదు. దానిలో ఒక పేరు ఉంది, ఒక ఊరు ఉంది, 7 లక్షల అంకె ఉంది, వెళ్లి చేయగల పని ఉంది. "వాళ్ల పాపాలు ఇక జ్ఞాపకం చేసుకోను" అని దేవుడు అన్నమాట నిజం. ఆ మాట మీ మీద లెక్క పెట్టుకోనన్న వాగ్దానం. చెల్లెలికి తెలియకుండా చూసుకోమని ఇచ్చిన పర్మిషన్ కాదు.

జక్కయ్య కథ మీకు కంఠతా వచ్చే ఉంటుంది. యెరికోలో పన్నులు వసూలు చేసే సుంకరులకు పెద్ద, మేడిచెట్టు, పొట్టివాడు. ఆదివారం బడి పిల్లలు కూడా చెబుతారు. అక్కడ వరుస లేవీయకాండానికి తిరగబడింది. ముందు యేసు అతని ఇంటికి వస్తానన్నాడు. అతను ఒక్క కాసు కూడా తిరిగివ్వక ముందే వచ్చాడు. తర్వాత జక్కయ్య లేచి, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా ఎవరి దగ్గర ఏమి తీసుకున్నా నాలుగంతలు అన్నాడు. నిర్గమకాండంలో దొంగిలించిన గొర్రెకు నాలుగు గొర్రెలు అన్న లెక్క అది, తనను తాను దొంగల పద్దులో రాసుకున్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ తర్వాతే. కృప ముందా, తిరిగివ్వడం ముందా అని మీరు అడిగితే, లేవీయకాండం ఒక వరుస చెబుతుంది, లూకా ఇంకో వరుస చెబుతాడు. తిరిగివ్వడం లేకుండా కథ ముగించినవాళ్లు మాత్రం ఇద్దరిలో ఎవరూ లేరు.

పౌలు కంటే ఎక్కువగా కృప గురించి మాట్లాడినవాడు ఉన్నాడా? ఆయన ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరం తీయండి, ఒక్క పేజీ. ఒనేసిము అనే దాసుడు తన యజమాని ఫిలేమోనుకు ఏదో నష్టం చేసి వచ్చినట్టుంది, పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. పౌలు అతన్ని తిరిగి పంపుతూ, "ఇతను రక్షణ పొందాడు, పాతవన్నీ కొట్టేసుకో" అని రాయలేదు. అతను నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తాను అని తన సొంత చేతివ్రాతతో రాశాడు. ఫిలేమోనుకు రావలసినది ఫిలేమోనుకు రావలసినదే.

ఇక మీరు ముఖ్యంగా చదవాల్సిన కథ యాకోబుది. మీ కథకు అంత దగ్గరగా ఉన్నది బైబిల్లో ఇంకొకటి లేదు. నాకు యాకోబంటే మొదటినుంచీ పెద్ద గౌరవం లేదని ముందే చెప్పేస్తున్నాను. చూపు ఆనని తండ్రి ముందు, చేతులకూ మెడకూ మేకపిల్లల తోళ్లు కప్పుకుని, అన్న ఏశావు బట్టలు వేసుకుని, అన్న పేరు చెప్పి, అన్నకు రావలసిన దీవెన పట్టుకుపోయిన మనిషి. పారిపోతూ బేతేలులో రాత్రి కలలో దేవుణ్ణి చూశాడు. నీకు తోడుంటానని దేవుడు మాట ఇచ్చాడు. యాకోబు పదోవంతు ఇస్తానని మొక్కుకున్నాడు. మామ లాబాను దగ్గర 20 ఏళ్లు పనిచేశాడు, పెళ్లాలు, పిల్లలు, మందలు, అన్నీ కలిసొచ్చాయి. దీవెన ఉంది, దశమభాగం మొక్కు ఉంది, సాక్ష్యం చెప్పుకోవడానికి బోలెడంత ఉంది. ఏశావు సంగతి మాత్రం ఉన్నచోటే ఉంది.

తిరిగి వస్తుంటే, అన్న 400 మందితో ఎదురొస్తున్నాడని కబురొచ్చింది. యాకోబు హడలిపోయాడు. అప్పుడు మందలు విడదీశాడు: మేకలు 200, మేకపోతులు 20, గొర్రెలు 200, పొట్టేళ్లు 20, పాలిచ్చే ఒంటెలు 30 వాటి పిల్లలతో సహా, ఆవులు 40, ఆబోతులు 10, ఆడగాడిదలు 20, గాడిద పిల్లలు 10. మందకూ మందకూ మధ్య ఎడం ఉంచి ముందుకు పంపాడు. ఈ కానుకతో అతన్ని సమాధానపరిచి ఆ తర్వాత ముఖం చూస్తాను అనుకున్నాడు. హెబ్రీలో ఆ "సమాధానపరచడం" లేవీయకాండంలో ప్రాయశ్చిత్తానికి వాడిన క్రియే. బలిపీఠం లేదు, యాజకుడు లేడు. తమ్ముడు, అన్న, మధ్యలో మందలు.

ఆ రాత్రి యబ్బోకు రేవు దగ్గర ఎవరితోనో తెల్లవార్లూ పెనుగులాడి, తొడ గూడు వసిలి, పొద్దున కుంటుతూ బయలుదేరాడు. ఏడుసార్లు నేల మీద సాగిలపడుతూ వెళ్లాడు. ఏశావు పరిగెత్తుకొచ్చి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. "నాకు కావలసినంత ఉంది తమ్ముడూ, నీది నువ్వే ఉంచుకో" అన్నాడు ఏశావు. మనమైతే అక్కడితో "అన్నయ్య వద్దన్నాడు" అని మందలు వెనక్కి తోలుకునేవాళ్లం. యాకోబు ఊరుకోలేదు. బలవంతం చేసి పుచ్చుకునేలా చేశాడు. నీ ముఖం చూస్తే దేవుడి ముఖం చూసినట్టుంది అన్నాడు.

దాని తర్వాతిది కూడా చదవండి, ప్రసంగాల్లో ఇది రాదు. నీ వెనకే నువ్వుండే శేయీరుకు వస్తాను అని చెప్పిన యాకోబు అటు వెళ్లలేదు, సుక్కోతు దారి పట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి కనబడేది తండ్రిని పాతిపెట్టేటప్పుడే. సమాధానం కుదిరింది, కాపురం మాత్రం ఎవరి ఊరు వాళ్లదే. మీకూ చెల్లెలికీ మధ్య కూడా అంతవరకే కుదరవచ్చు. అంతైనా కుదిరితే నిజమైనదే.

ఇక మీరు చేయాల్సిన పని.

కట్నం మాట పక్కన పెట్టండి. కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం, పైగా ఆ డబ్బు వెళ్లింది పెళ్లికొడుకు ఇంటికి. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో కొడుక్కూ కూతురికీ వాటా సమానం. 14 లక్షల్లో 7 లక్షలు ఆమెవి. లేవీయకాండం లెక్కన అయిదో వంతు కలిపితే 8,40,000. నేను ఆ లెక్కను ఈనాటి వడ్డీ పట్టికగా వాడమనడం లేదు. అది కింది గీత. ఆ స్థలం ఈ రోజు ఎంత పలుకుతుందో మీకు బాగా తెలుసు, చెల్లెలు ఆ ధర అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు. ఒకేసారి ఇవ్వలేకపోతే మొదటి విడతగా పెద్ద మొత్తం ఇచ్చి, మిగతాది ఎప్పటికి ఇస్తారో కాగితం మీద రాసివ్వండి. డబ్బు ఆమె పేరున ఉన్న ఖాతాలోనే వేయండి.

మీ భార్యకు ఈ సంగతి తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే ముందు ఆవిడకు చెప్పండి, ఈ సొమ్ము వెళ్లేది ఆవిడ ఇంట్లోంచి కూడా. చెల్లెలు హక్కు వదులుకున్న కాగితం, స్థలం అమ్మిన కాగితం, ఆ రెండు దస్తావేజుల నకళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. ఒక లాయర్‌ను కలవండి, తప్పులేదు. ఆయన "ఇన్నేళ్లయింది, మీకేం కాదు" అన్నా సరే, అక్కడితో ఆగిపోకండి.

ఫోన్‌లో చెప్పవద్దు, వెళ్లండి. పాస్టర్ గారిని వెంట తీసుకెళ్లవద్దు. దైవసేవకుడు పక్కన ఉంటే ఆమె మనసులోని మాట అనలేదు. "దేవుడు నన్ను క్షమించాడు" అన్నదాంతో మొదలుపెట్టవద్దు, ఆ రోజుకు అసలు ఆ మాటే ఎత్తవద్దు. "ఆ రోజు నీ చేత పెట్టించుకున్న సంతకం పాస్‌బుక్ కోసం కాదమ్మా. స్థలం నా ఒక్కడి పేరున చేసుకోవడానికి. 14 లక్షలకు అమ్మాను. అందులో సగం నీది, నీకు తెలియకుండా తిన్నాను." ఇంతే. అప్పుల సంగతి, పరిస్థితుల సంగతి ఆమె అడిగితే చెప్పండి. నకళ్లు చేతికివ్వండి. క్షమించమని అడగండి, అప్పటికప్పుడే జవాబు ఇవ్వమని కూర్చోకండి. "క్షమించకపోతే దేవుడు నిన్నూ క్షమించడు" అన్న వచనాన్ని ఆమె మీద ప్రయోగించకండి, ఆ వచనం గుర్తు చేయాల్సిన మనిషి మీరు కాదు. తిట్టవచ్చు, గుమ్మంలోంచే పొమ్మనవచ్చు, వాళ్లాయన పోలీసు కేసు పెడతాననవచ్చు. అందుకు వాళ్లకు హక్కుంది. డబ్బు వద్దంటే యాకోబును గుర్తు తెచ్చుకోండి.

చెబితే ఆమె మనసు విరిగిపోతుందేమో అన్నారు. విరగవచ్చు. అయితే ఆమె ఇన్నాళ్లూ ప్రేమిస్తున్నది లేని అన్నయ్యను. ఎప్పుడో ఒకరోజు కొడుకు చదువుకో, లోనుకో కాగితాలు తీస్తే ఎలాగూ బయటపడుతుంది. అప్పుడు మీ నోటి నుంచి కాకుండా ఎవరో గుమాస్తా నోటి నుంచి వింటుంది. ఆమె బాధ గురించి మీరు పడుతున్న భయంలో మీ పరువు గురించిన భయం ఎంత కలిసుందో ఒకసారి విడదీసి చూసుకోండి.

సంఘంలో సాక్ష్యంగా ఎప్పుడైనా చెప్పాలని కూడా మీకు అనిపించవచ్చు. ఆమె అనుమతి లేకుండా ఎప్పుడూ చెప్పవద్దు. ఇది ఆమె కథ కూడా.

బల్ల సంగతి చివర అడిగారు. దేవుడు మిమ్మల్ని బల్ల నుంచి వెలివేశాడని నేను అనను, అలా అనడానికి నాకు ఏ వచనమూ కనబడలేదు. కానీ మత్తయి 5లో యేసు చెప్పింది అక్షరాలా చేయగలిగే స్థితిలో ఉన్నారు మీరు. మూడు రోజుల నడక కాదు, ఒంగోలు నుంచి నెల్లూరు రైలెక్కితే ఒక పూట ప్రయాణం. వచ్చే బల్ల ఆదివారానికి ముందే వెళ్లి రండి. ఆ లోపల వీలుకాకపోతే ఆ ఒక్క ఆదివారం మీ చోట్లో కూర్చునే ఉండండి, ఎందుకు లేవలేదని పాస్టర్ గారు అడిగితే ఉన్నమాట చెప్పండి. మైక్ సెట్ మాత్రం వెనక్కి అడగవద్దు. అది సంఘానికి ఇచ్చేశారు, చెల్లెలి డబ్బు మీ కొట్టు లాభంలోంచి రావాలి.